విశాఖ మ్యూజియంలో మా ఇంటి కత్తి

నరసరావుపేటలో నన్ను ఎరిగినవాళ్ళు నేను చెప్పే మాటలో సగం తీసేసి వింటారు. మిగిలిన సగం మా ఆవిడ తీసేస్తుంది. ఎరువుల కొట్టు నడిపే మనిషికి ఇంతకంటే మర్యాద ఎక్కడ దొరుకుతుంది? మిరప తోటకు పట్టిన తెగులు గురించి నేను నిజమే చెప్పినా, రైతులు పక్క కొట్టుకు వెళ్ళి ఇంకోసారి అడిగి వస్తారు. నాకేమీ బాధ లేదు. అయితే నేను ఆడిన అబద్ధాల్లో ఒక్కదాన్ని మాత్రం ముప్ఫై ఏళ్ళకు పైగా ఎవరూ ముక్క కూడా తీసెయ్యకుండా నమ్మారు. దాన్ని కళ్ళారా చూసి రావడానికే కిందటేడు ఇంటిల్లిపాదీ విశాఖపట్నం బయల్దేరాం.

ముందు మా మేనత్త సంగతి చెప్పాలి. పెళ్ళయిన మూడో ఏటే మెట్టినింటికి ఒక నమస్కారం పెట్టి పుట్టింటికి వచ్చేసిన మనిషి. మా నాన్న బతికున్నన్నాళ్ళూ ఆయన నోరు ఆమే. ఆయన పోయాక మా అందరి నోరూ ఆమే.

మా ఇంట్లో ఒక కత్తి ఉండేది. పల్నాటి యుద్ధంలో మా పూర్వీకుడెవరో పట్టుకున్నదని ప్రతీతి. పల్నాటిలో ఏ అటక మీద తుప్పు పట్టిన ఇనుప ముక్క దొరికినా అది ఆ యుద్ధానిదే. అన్ని ఇళ్ళవాళ్ళు అన్ని కత్తులు పట్టుకుని నిలబడి ఉంటే, కొట్టుకోవడానికి జాగా ఎక్కడ మిగిలిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఈ అనుమానం మా అత్త దగ్గర ఒక్కసారే వెలిబుచ్చాను. ఆ పూట నాకు అన్నం పెట్టలేదు.

కార్తీక అమావాస్యకు కారెంపూడిలో వీరుల తిరునాళ్ళ. వీరుల పేరు చెప్పుకునే ఇళ్ళవాళ్ళు తమ తమ ఆయుధాలకు పసుపు రాసి, కుంకుమ పెట్టి, నిమ్మకాయలు గుచ్చి తెస్తారు. నాగులేటిలో స్నానం చేయించి వరసగా నడిపిస్తారు. ఆ వరసలో ఎవరి పక్కన ఎవరు నిలబడాలన్నది తాతముత్తాతల నాడే తేలిపోయింది. ఆ చోటు కోసం అన్నదమ్ములు కోర్టుకైనా వెళ్తారుగానీ ఒక అడుగు పక్కకు జరగరు. అక్కడ ఆయుధాన్ని కత్తి అనకూడదు. దేవుడనాలి.

ఆ దేవుణ్ణి నేను సాగర్ కాలువలో పడేశాను.

అది నేను ఇంటర్ రెండోసారి తప్పిన ఏడు. పక్క ఊళ్ళో నాటకం ఆడుతుంటే నాకు భటుడి వేషం ఇచ్చారు. ‘చిత్తం మహాప్రభో’ అనడం రెండుసార్లు, కత్తి దూయడం ఒకసారి. ఇంత బరువైన పాత్రకు అట్టకత్తి ఇచ్చేసరికి నాకు చిన్నతనంగా తోచింది. అటకెక్కి ఇంటి దేవుణ్ణి దించి, గోనెపట్టాలో చుట్టి పట్టుకుపోయాను. నాటకం బాగానే జరిగింది. తెల్లారి సైకిల్ మీద కాలువ కట్టమ్మట ఒక్కణ్ణీ వస్తూ, వాళ్ళు నాకివ్వని రాజు వేషం నాకు నేనే ఇచ్చుకున్నాను. సైకిల్ దిగి, పద్యం ఎత్తుకుని, కట్ట మీది కంపచెట్టును శత్రుసైన్యంగా భావించి ఒక్క వేటు వేశాను. సైన్యానికి ఏమీ కాలేదు. కత్తి చెయ్యి జారి కాలువలో పడింది. మధ్యాహ్నం దాకా మునిగాను. పాచి దొరికింది. ఎవరిదో ఎడమ కాలి చెప్పు దొరికింది.

నీళ్ళోడుతూ ఇంటికొచ్చాను. మా అత్త వాకిట్లో కూర్చుని మిరపకాయలకు తొడిమలు తీస్తోంది.

“అటక మీద దేవుడు లేడు. ఏడిరా?” అంది.

“విశాఖపట్నం నుంచి మ్యూజియమోళ్ళు జీపేసుకొచ్చారత్తా. మన దేవుడు చానా పాతోడంట. గవర్నమెంటు తరఫున భద్రంగా దాస్తామని తీసుకుపోయారు.”

విశాఖపట్నమే ఎందుకన్నానంటే, అప్పటికి నేను పేరు విన్న ఊళ్ళలో మావాళ్ళెవరూ వెళ్ళని ఊరు అదొక్కటే. హైదరాబాదు అంటే మర్నాడే ఎవడో ఒకడు వెళ్ళి చూసొస్తాడు.

మా అత్త నన్ను కాళ్ళ దగ్గర నుంచి తలదాకా ఒకసారి చూసింది. లోపలికి వెళ్ళి తువ్వాలు తెచ్చి ఇచ్చింది.

“తల తుడుచుకో. జలుబు చేస్తది.”

అంతే. ఒక్క ప్రశ్న లేదు. అంత తేలిగ్గా నమ్మినవాళ్ళకు ఇంకొంచెం పెట్టకపోతే పాపం కదా అని, ఆ అబద్ధానికి ఏటేటా మేత వేస్తూ వచ్చాను. మొదట ఒక జీపు వచ్చింది. తర్వాతి ఏడు రెండు జీపులయ్యాయి. నా పెళ్ళి నాటికి జీపులోంచి కలెక్టరు దిగాడు. మా ఇంటి ముందు చెప్పులు విడిచి, ఎర్ర ముఖమల్ గుడ్డలో దేవుణ్ణి పెట్టుకుని, వెనక్కి తిరగకుండా వెనక్కి వెనక్కే నడుచుకుంటూ వెళ్ళి జీపెక్కాడు. ఇందులో మా అత్త ఎన్నడూ ఒక్క ముక్క తప్పు పట్టలేదు. తిరునాళ్ళకు మాత్రం ఏటా వెళ్ళేది. మా చోట్లో ఒట్టి చేతులతో నిలబడి, అడిగినవాళ్ళకు “మాది మ్యూజియంలో ఉంది” అని చెప్పేది. తల పైకెత్తే చెప్పేది.

అట్లా ముప్ఫై ఏళ్ళు గడిచాక, వరసలో మా పక్కన నిలబడే ఇంటావిడ నోరు తెరిచింది. ఆమెకు, మా అత్తకు వరసకు వదినా మరదళ్ళ సరసం, నిజానికి సవతుల పోరు.

“నా కాపరం అంతా వింటానే ఉన్నా వదినా, మీ దేవుడు మ్యూజియంలో కొలువుండాడని. ఒక్క ఫోటో అన్నా లేదా ఏంది? మా మనవడు పిల్లి పడుకున్నా ఫోటో తీస్తాడు.”

వరసంతా నవ్వింది. మా అత్త కూడా నవ్వింది. ఆ నవ్వు చూసి నేను రెండడుగులు వెనక్కి వేశాను.

“వచ్చే ఏడు అమావాస్యకు చూపిస్తా. చూపించకపోతే మా చోట్లో నీ మనవణ్ణే నిలబెట్టుకో. ఆ పిల్లిని కూడా” అంది.

పదిమందిలో అన్న మాట. తరాలనాటి చోటును ఆమె ఒక ఫోటో మీద పందెం కాసింది. ఆ ఫోటో సాగర్ కాలువ అడుగున ఉందని తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే.

కష్టం ఒంటరిగా రాదు కాబట్టి, మా ఆవిడ చిన్నాన్న కూతురు విశాఖపట్నంలో ఇల్లు కట్టుకుని గృహప్రవేశానికి పిలిచింది. మా అత్త ఆ శుభలేఖను కళ్ళకద్దుకుంది. పిలిచింది మా ఆవిడ చుట్టాలైనా అందరికంటే ముందు సంచి సర్దుకుంది. పసుపు, కుంకుమ, కర్పూరం, డజను నిమ్మకాయలు, ఒక కొబ్బరికాయ. బట్టలు పెట్టుకోమని మా ఆవిడ గుర్తు చెయ్యాల్సి వచ్చింది.

గృహప్రవేశం శనివారం అయింది. ఆదివారం ఒక్కరోజే చేతిలో ఉంది. నా ఉపాయం చాలా సులువైనది. ఊళ్ళో చూడదగ్గవన్నీ చూపించాలి. ఒక్కోచోట రాయి రాయినీ వివరించాలి. మ్యూజియం తలుపులు మూసేశాక దాని ముందుకు తీసుకెళ్ళి, ‘అయ్యో’ అనాలి. పొద్దున్నే ఆటో మాట్లాడి వరస చెప్పాను.

“ఎన్నడూ లేంది ఈ చరిత్ర పిచ్చి ఏంది మీకు? అమరావతి పక్కనే ఉంటే పాతికేళ్ళలో ఒక్కసారి తీసుకుపోలా” అంది మా ఆవిడ.

“దూరపు చరిత్రకు రుచి ఎక్కువ” అన్నాను.

మొదట బీచ్ రోడ్డులో సబ్‌మెరైన్. నీళ్ళలో మునగాల్సినదాన్ని ఒడ్డుకు లాగి, ఇసుకలో కూర్చోబెట్టి, టిక్కెట్టు పెట్టారు. మునిగిన వస్తువును ఒడ్డుకు చేర్చగల మనుషులు ఈ దేశంలో ఉన్నారన్న సంగతి నా మనసుకు కాస్త గుచ్చుకుంది. వీళ్ళలో ఒక్కడు ఆ రోజు మా కాలువ కట్టమ్మట వచ్చి ఉంటే ఎంత బాగుండేది. మా అత్త ముందు వాకిట్లో తల వంచుకుని దూరి, నావికుల మంచాలు, పొయ్యి, గొట్టాలు అన్నీ తడిమి చూసింది.

“ఇంతమంది మగాళ్ళు ఇంత ఇరుకులో నెలల తరబడి ఎట్టా ఉన్నార్రా?”

“దేశం కోసం అత్తా.”

“అది సరే. అంట్లు ఎవరు తోమారని.”

చివర్లో టార్పెడో దగ్గర ఆగింది. అదేమిటని అడిగింది. శత్రువు ఓడను ముంచే ఆయుధమని చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది. నేను ముందుకు రెండడుగులు వేసి వెనక్కి చూసేసరికి టార్పెడో నుదుట కుంకుమ బొట్టు ఉంది. నుదురు ఎక్కడుంటుందో ఆమెకు ఎట్లా తెలిసిందో మరి.

“ఆయుధం కదరా. ముండమోపి ముఖంతో ఎట్టా ఉంచారు దాన్ని?” అంది.

మా ఆవిడ కొంగుతో తుడవబోతే చెయ్యి పట్టుకుని ఆపింది. పల్నాటి వీరుల వరసలో ఆ రోజు ఒక టార్పెడో కూడా చేరింది. రోడ్డుకు అవతల ఉన్న యుద్ధవిమానం కింద ఒక నిమ్మకాయ దొర్లించి, “ఇంత పెద్దోడికి ఒకటి సరిపోదు, రెండెయ్యి” అని నాతోనే ఇంకొకటి వేయించింది.

అక్కడి నుంచి తొట్లకొండ. కొండ మీద బౌద్ధ భిక్షువులు ఎన్నడో కట్టుకున్న ఆరామాల పునాదులు, చుట్టూ కంచె, కింద సముద్రం. మా వైపైతే ఇట్లాంటి రాళ్ళ మీద గేదెల్ని కడిగి, బట్టలుతికి, మిగిలినవాటిని దొడ్డిగోడకు ఎత్తుతాం. మాకు చరిత్ర ఎక్కువైపోయి లెక్కలేదు.

“ఈ భిక్షువులు ఎవరనుకున్నావత్తా? మనవాళ్ళే. మాచర్ల అవతల నుంచి నడిచొచ్చారు. దారిలో క్రోసూరులో మజ్జిగ తాగి, సత్తెనపల్లిలో బస్సు మారి…”

“నడిచొచ్చినోళ్ళు బస్సెందుకు మారారు?” అంది మా ఆవిడ.

“కాళ్ళు నొప్పులు పుట్టవా?” అంది మా అత్త. ఆమె నా పక్షాన మాట్లాడటం చూసి నాకు మొదటిసారి భయం వేసింది.

భీమిలి వెళ్ళేసరికి ఎండ వాలింది. లైట్‌హౌసు చూపించాను. డచ్చివాళ్ళ సమాధులు చూపించాను. వర్తకానికని సముద్రాలు దాటొచ్చి, జ్వరాలొచ్చి, ముప్ఫై ఏళ్ళకే ఇక్కడ పడుకున్న మనుషులు. రాళ్ళ మీద పేర్లు చెరిగిపోయాయి. మా అత్త ఒక రాతి మీద కూర్చుని మోకాళ్ళు నొక్కుకుంది. డెబ్భై దాటిన మనిషి. పొద్దున్నుంచీ కొండలెక్కించాను, మెట్లు దించాను. సంచి మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. ఒళ్ళోనే పెట్టుకుంది.

“ఇంకెంతరా మన దేవుడి కాడికి?” అంది.

నేను జీవితంలో చాలాచోట్ల అబద్ధమాడాను, ఎక్కడా గొంతు తడబడలేదు. ఆ సమాధుల మధ్య నిజం చెప్పడానికి మాత్రం మూడుసార్లు మొదలుపెట్టాల్సి వచ్చింది. అయినా చెప్పాను. నాటకం, భటుడి వేషం, కంపచెట్టు, కాలువ, ఎడమ కాలి చెప్పు, అన్నీ వరసగా. జీపు లేదన్నాను. కలెక్టరు లేడన్నాను. మా ఆవిడ నోట్లో పెట్టుకోబోయిన వేరుశెనక్కాయ చేతిలోనే ఉండిపోయింది.

మా అత్త అంతా విని, కొంగుతో ముఖం తుడుచుకుంది.

“ఏ ఏడురా అది?”

“ఇంటర్ రెండోసారి తప్పిన ఏడు.”

“ఆ ఏడు కాలువకు నీళ్ళెక్కడొదిలారు? మూడెకరాల మిరపా నిలువునా మాడిపోయింది. మోకాలి లోతు నీళ్ళు లేని కాలువలో నువ్వు మునిగావా? ఎవరికన్నా చెప్పు, నవ్విపోతారు.” మా ఆవిడ వైపు తిరిగింది. “వీడు ఇంతేనమ్మా. పొద్దు పోకపోతే ఏదో ఒకటి అల్లుతాడు. లెయ్యి, చీకటి పడకముందే పోదాం.”

నేను పుట్టి బుద్ధెరిగాక చెప్పిన ఒకే ఒక్క నిజాన్ని సాక్ష్యాధారాలతో కొట్టేశారు. తిరుగు దారంతా ఆలోచించాను. నిజంగానే నీళ్ళు లేవేమో. జీపు వచ్చిందేమో. ఇంకో పది నిమిషాలు ఆటోలో కూర్చుంటే కలెక్టరు ముఖం కూడా గుర్తొచ్చేది.

ఆదివారం జనం ఎక్కువని మ్యూజియం ఇంకా తెరిచే ఉంది. నా అదృష్టం అట్లాంటిది. సముద్రానికి ఎదురుగా డచ్చివాళ్ళ కాలపు పాత బంగళా. లోపల ఓడల బొమ్మలు, నాణేలు, యుద్ధకాలంలో ఊరి మీద పడిన బాంబు డొల్ల. దానికీ ఒక బొట్టు పడకుండా మా ఆవిడ అడ్డం నిలబడింది. ఆ తర్వాతి గదిలో, అద్దాల వెనక, కత్తులు. ఒకటీ రెండూ కాదు. నాకు ప్రాణం లేచొచ్చింది. అన్ని కత్తుల్లో ఒకటి మాది కాకపోతే ఎవరికి తెలుస్తుంది? అన్నిటికంటే పెద్దదాన్ని, పిడి నిండా రాళ్ళు పొదిగినదాన్ని చూపించాను.

“అదుగోనత్తా మన దేవుడు.”

మా అత్త అద్దానికి ముక్కు ఆనించి చూసింది.

“మన ముఖాలకు ఇంత పిడి ఎక్కడిదిరా? రాళ్ళమ్ముకుని మీ తాత ఎప్పుడో తాగేసేవాడు.”

ఆమె మెల్లగా గది అంతా తిరిగింది. ఒక్కో కత్తి ముందూ ఆగి, ఒక్కోదాన్నీ తిరస్కరించింది. పెళ్ళిచూపుల్లో కూడా ఎవరూ అన్ని వంకలు పెట్టరు. ఒకటి మరీ నిటారుగా ఉంది, ఒకటి మరీ లావు, ఒకదాని వాలకమే బాగోలేదు. చివరికి మూల ఉన్న చిన్న వంకర కత్తి దగ్గర నిలబడిపోయింది. 

“ఇదీ” అంది.

మా ఆవిడ వంగి, పక్కనున్న చీటీ చదివింది. నేనూ చదివాను. విందులకూ ఊరేగింపులకూ అలంకారంగా ధరించేదని ఇంగ్లీషులో రాసి ఉంది. ఏ యుద్ధమూ ఎరగనిది. భోజనాల దగ్గర తప్ప ఎక్కడా ముందుకు దూకి ఉండదు.

“ఏం రాశారమ్మా?” అంది మా అత్త.

నా మాటల్లో మిగిలిన సగం తీసేసే మా ఆవిడ నా వైపు ఒకసారి, మా అత్త చంకలోని సంచి వైపు ఒకసారి చూసింది.

“పల్నాటి నుంచి తెచ్చిందని రాశారు పెద్దమ్మా” అంది.

పాతికేళ్ళ సంసారంలో ఆమె నా ముందు ఆడిన మొదటి అబద్ధం. నాకంటే నున్నగా ఆడింది. నాకు కొంచెం అసూయ కూడా కలిగింది.

మా అత్త సంచి విప్పి కొబ్బరికాయ తీసేసరికి కాపలాదారు పరుగెత్తుకొచ్చాడు. ఉత్తరాంధ్ర మనిషి. మీసం పెద్దది, గొంతు మెత్తన.

“ఏటమ్మా ఇది? ఇక్కడ కాయ కొట్టేస్తారేటి?”

“మా దేవుడు నాయనా.”

“దేవుడేటమ్మా, కత్తి గదా.”

“మీకు కత్తి. మాకు దేవుడు. ముప్ఫై ఏళ్ళయింది చూసి.”

అతను కత్తిని చూశాడు, ఆమెను చూశాడు, నన్ను చూశాడు. నేను బాంబు డొల్ల ఉన్న గది వైపు చూశాను.

“కాయ కొట్టకూడదు. కర్పూరం ఎలిగించకూడదు. అద్దం ముట్టుకోకూడదు” అన్నాడు. గొంతు తగ్గించి, “దండం ఎట్టుకోండి. దండానికి టిక్కెట్టు నేదు. ఫోటో తీసుకోవాలంటే ఫోన్లో తీసుకోండి, లైటు ఎయ్యకుండా” అన్నాడు. వెనక తోసుకొస్తున్న నలుగుర్ని చేత్తో ఆపి, “ఆగండి బాబూ, ఆళ్ళ దేవుడంట” అని కూడా అన్నాడు.

మా అత్త కళ్ళు మూసుకుని దండం పెట్టుకుంది. మా ఆవిడ ఫోటో తీసింది. వెళ్ళేటప్పుడు కొబ్బరికాయ, మిగిలిన నిమ్మకాయలు అతని చేతిలో పెట్టి, “నువ్వు కనిపెట్టుకుని ఉండబట్టి ఇన్నాళ్ళూ భద్రంగా ఉన్నాడు నాయనా” అంది. అతను ఆ కత్తికే ఒక దండం పెట్టాడు.

నరసరావుపేటలో జిరాక్సు కొట్టువాడితో ఆ ఫోటోను అన్నం పళ్ళెమంత చేయించి లామినేషన్ వేయించాం. నీళ్ళు లోపలికి దిగకూడదని మా అత్త నాలుగు అంచులూ గోటితో పరీక్షించింది. కార్తీక అమావాస్యకు దానికి పసుపు రాసి, కుంకుమ పెట్టి కారెంపూడి తీసుకెళ్ళాం. వరసలో మా పక్కావిడ కళ్ళజోడు పెట్టుకుని మరీ చూసింది.

“ఇదేంది వదినా, మీ దేవుడు ఇంత పల్చబడ్డాడు?”

“మ్యూజియంలో తిండి సరిగ్గా పెట్టరు వదినా.”

వరసంతా మళ్ళీ నవ్వింది, ఈసారి మా వైపు నుంచి. ఎవరూ మమ్మల్ని జరగమనలేదు. మనవడు పిల్లి లేకుండానే తన చోట్లో తను నిలబడ్డాడు.

స్నానాల వేళ అయింది. నాగులేటిలో అందరూ తమ తమ ఇనుప దేవుళ్ళతో దిగుతున్నారు. ఇంటి మగవాడే దింపాలి కాబట్టి ఆ లామినేషన్ కాగితాన్ని మా అత్త నా చేతుల్లో పెట్టింది. ఎన్నడూ యుద్ధానికి వెళ్ళని, ఎన్నడూ పల్నాడు చూడని ఎవరి విందుకత్తి ఫోటోనో రెండు చేతులతో ఎత్తి పట్టుకుని మోకాళ్ళ లోతు దిగాను. వెనకాలే మా అత్త కూడా దిగింది. భుజాన తువ్వాలు వేసుకుంది. డప్పుల హోరులో ఆమె నా చెవి దగ్గరకు వంగింది.

“గట్టిగా పట్టుకోరా. దీన్ని కూడా నీళ్ళపాలు చెయ్యమాక.”